వారం రోజులు కరెంటు రాకపోతే: వంటకు ఏది, ఫ్యానుకు ఏది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో నేలకూలాయి. కొన్ని కాలనీలకు కరెంటు తిరిగి వచ్చేసరికి వారం పట్టింది, కొన్ని పల్లెలకు అంతకన్నా ఎక్కువే. పెట్రోలు బంకుల ముందు బారులు, పాల ప్యాకెట్ల కోసం బారులు, ఫోన్లలో సిగ్నల్ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు లైన్లనూ పడగొట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో వీధులకు వీధులు మునిగితే, ఎవరికీ షాక్ కొట్టకూడదని అధికారులే సరఫరా ఆపేశారు.

ఇలాంటిది ఒకటి జరిగిన ప్రతిసారీ ఆ తర్వాత నెలంతా జనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత కెపాసిటీ ఇన్వర్టర్ తీసుకోమంటారు?" ఆ ప్రశ్నకు ముందు రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి. కరెంటు గంటల పాటు పోతుందా, రోజుల పాటా? మనకు కావలసింది వేడా, లేక ఫ్యానూ లైటూ ఫోనూ నడిపేంత కరెంటా? ఈ రెండూ తేల్చుకోకుండా షాపుకు వెళ్తే అక్కడివాళ్లు ఏది చూపిస్తే అదే కొనుక్కొస్తాం.

మన ఇళ్లలో ఇన్వర్టర్లు బాగా పెరిగింది 2012-13 ప్రాంతంలో, ఉమ్మడి రాష్ట్రంలో రోజూ గంటల తరబడి కోతలు పెట్టిన కాలంలో. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పోయే కరెంటుకు ఇన్వర్టర్ చక్కగా సరిపోయింది, ఎందుకంటే మధ్యలో కరెంటు వచ్చి బ్యాటరీని మళ్లీ నింపేది. తుఫానులో ఆ మధ్యలో వచ్చే కరెంటే ఉండదు. ఇన్వర్టర్ కరెంటును తయారు చేయదు, మేడ మీది నీళ్ల ట్యాంకులాగా నింపినంతే ఇస్తుంది. నింపే మోటారు లేకపోతే ట్యాంకు ఎంత పెద్దదైనా ఒకటి రెండు రోజుల ముచ్చటే. కోతల కోసం కొన్న సరంజామాను తుఫానుకు నమ్ముకోవడం దగ్గరే చాలా ఇళ్లలో లెక్క తప్పుతోంది.

వంట: బ్యాటరీతో పెట్టుకోవద్దు

ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. దాన్ని కరెంటు బిల్లు భాషలోకి మారిస్తే దాదాపు 180 యూనిట్ల శక్తి. అందరి ఇళ్లలో కనిపించే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీ కెపాసిటీ కొలత) ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1.8 యూనిట్లు. అంటే వంద బ్యాటరీలు పక్కపక్కన పేర్చితే ఒక సిలిండర్‌తో సమానం. పొయ్యి మీద మూడో వంతు వేడి గాలిలో కలిసిపోయినా ఈ తేడా ఎక్కడికీ పోదు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. అన్నం ఉడికించడం, నీళ్లు కాచడం, పాలు మరిగించడం లాంటి వేడి పనులన్నీ గ్యాస్‌కే వదిలేయాలి. బ్యాటరీ మీద వేడి పని పెట్టకూడదు.

"ఇండక్షన్ స్టవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుందా" అని చాలామంది అడుగుతారు. ఇండక్షన్ 1500 వాట్లు లాగితే, అంతకన్నా చాలా తక్కువ మోసే 900 వీఏ ఇన్వర్టర్ వెంటనే ట్రిప్ అవుతుంది. ఇంకా పెద్దది పెట్టినా, 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఆ పొయ్యికి దాదాపు 150 ఆంపియర్లు రావాలి. బ్యాటరీ మీద రాసి ఉన్న 150 ఏహెచ్ అనేది 20 గంటల పాటు మెల్లగా, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్క. ఒక్కసారిగా లాగితే అందులో సగం కూడా దక్కకపోవచ్చు, పైగా బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంట నడిచినా 350 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్) పోతాయి. అదే కరెంటుతో మామూలు సీలింగ్ ఫ్యాను నాలుగున్నర గంటలు తిరుగుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ నాలుగున్నర గంటల విలువ చెప్పనక్కర్లేదు.

గ్యాస్ ఉన్న ఇంటికి వంట విషయంలో టెన్షన్ తక్కువే. చేయాల్సిందల్లా ఖాళీ సిలిండర్‌ను తుఫాను రోజుల్లో మూలన పెట్టుకోకపోవడం. రెండో సిలిండర్ కనెక్షన్ ఉన్నవాళ్లు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి అయిపోగానే బుక్ చేసేయాలి. నలుగురున్న ఇంట్లో ఒక సిలిండర్ సుమారు 40 రోజులు వస్తుందనుకుంటే, రోజుకు 350 గ్రాములు అవుతున్నట్టు. ఆ లెక్కన 5 కిలోల చిన్న సిలిండర్ కూడా దాదాపు రెండు వారాలు ఆదుకుంటుంది. ఇండియన్ ఆయిల్ వాళ్లు 'ఛోటూ' పేరుతో ఇస్తున్న ఈ చిన్న సిలిండర్ అడ్రస్ రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అద్దె గదుల్లో ఒక్క ఇండక్షన్ మీదే బతికే ఉద్యోగులకు, చదువుకునే పిల్లలకు దీన్ని మించిన దారి నాకు కనిపించడం లేదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో పిల్లల్ని ఉంచిన తల్లిదండ్రులు ఈ ముక్క వాళ్ల చెవిన వేయాలి. పైపు గ్యాస్ ఉన్న అపార్ట్‌మెంట్లలోనూ స్టవ్ వెలిగించడానికి ఇంట్లో కరెంటు అక్కర్లేదు. ఆటో ఇగ్నిషన్ హాబ్ అయితే లైటర్‌తోనో అగ్గిపుల్లతోనో వెలిగించుకోవచ్చు.

వరద భయం ఉన్న చోట సిలిండర్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. 14.2 కిలోల సిలిండర్ లోపలి ఘనపరిమాణం 33 లీటర్లకు పైనే. నిండు సిలిండర్ బరువేమో 30 కిలోల దగ్గర. కాబట్టి ఖాళీదే కాదు, నిండుది కూడా నీళ్లలో తేలుతుంది. తేలితే ట్యూబు లాగేసుకుంటుంది, రెగ్యులేటర్ దగ్గర లీకవుతుంది. నీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయనగానే రెగ్యులేటర్ తీసి, మూతి మీద ప్లాస్టిక్ క్యాప్ బిగించి, సిలిండర్‌ను అటక మీదికో మేడ మీదికో చేర్చాలి. అది కుదరకపోతే కిటికీ ఊచకు తాడుతో నిలువుగా కట్టేయాలి. గ్యాస్ గాలి కన్నా బరువైనది, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తెరిచి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయాలి.

గ్యాస్ కూడా లేనివాళ్లకు కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి ఉన్నాయి. ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు ఇప్పుడు అటక దిగినా వాటిలో పోయడానికి కిరోసిన్ దొరకడం కష్టం. కుంపటి విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. తుఫాను గాలికి తలుపులు, కిటికీలు అన్నీ మూసేసుకుంటాం. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఇంకా ఉంది. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా మెరుస్తున్నప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మత్తు, ఆ తర్వాత ఇక లేవలేరు. కుంపటి వరండాలోనే ఉండాలి.

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుఫానుకు 45 లక్షలకు పైగా ఇళ్లలో కరెంటు పోయింది. 200 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో కొందరిని చంపింది చలి కాదు, ఈ విషవాయువే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కరెంటు స్టవ్వే ఉంటుంది. కరెంటు పోతే టీ కూడా కాచుకోలేరు. చిన్న బ్యూటేన్ స్టవ్వూ నాలుగు క్యాన్లూ ఉంచుకుని, కిటికీ తీసి వాడుకోవడం వాళ్లకు నప్పే పద్ధతి. గ్రిల్‌ను మాత్రం ఎంత చలి వేసినా ఇంట్లోకి తేకూడదు.

ఇన్వర్టర్ లెక్క మీరే వేసుకోండి

ఇళ్లలో ఎక్కువగా వాడే లెడ్ యాసిడ్ రకం 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 1.8 యూనిట్లని పైన అనుకున్నాం. అందులో పూర్తిగా చివరి బొట్టు దాకా వాడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. ఇన్వర్టర్ కూడా తన వంతు కొంత తినేస్తుంది. చేతికి వచ్చేది సుమారు 1200 వాట్-అవర్లు అనుకోండి.

రెండు మామూలు ఫ్యాన్లు 150 వాట్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు 36, వైఫై రూటర్ 10. మొత్తం 196 వాట్లు. 1200ను 196తో భాగిస్తే దాదాపు 6 గంటలు. ఇప్పుడు ఆ రెండు ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న) ఫ్యాన్లు పెట్టి చూడండి. మొత్తం 106 వాట్లకు దిగుతుంది, అదే బ్యాటరీ 11 గంటలు వస్తుంది. రెండో బ్యాటరీ కొనే ముందు రెండు ఫ్యాన్లు మార్చడం చౌక. మిగతా రోజుల్లో బిల్లూ తగ్గుతుంది. ఇన్వర్టర్ అమ్మేవాళ్లు ఈ సంగతి తమంతట తాము చెప్పరు.

కొనేటప్పుడు వీధి కరెంటు లాంటి కరెంటే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోవాలి. స్క్వేర్ వేవ్ చౌకే కానీ ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మోటారు ఉన్న ప్రతి వస్తువూ వేడెక్కుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకుంటూ ఉండాలి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి. 50 కిలోలకు పైగా బరువున్న ఆ బ్యాటరీని నేల మీద ట్రాలీలో ఉంచడం మనకు అలవాటు. పల్లపు కాలనీల్లో కింది అంతస్తుల్లో ఉండేవాళ్లకు అది పనికిరాదు. మోకాలి లోతు నీళ్లొస్తే ముందు మునిగేది ఇన్వర్టరే. నడుము ఎత్తున గట్టు కట్టించుకోవాలి, లేదా లిథియం బ్యాటరీ తీసుకోవాలి. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ, పూర్తిగా వాడుకోవచ్చు కాబట్టి, 150 ఏహెచ్ ట్యూబులర్‌తో దాదాపు సమానం. బరువు నాలుగో వంతు ఉంటుంది, గోడకు బిగించొచ్చు. ధర ఎక్కువ. అయితే తుఫాను రోజుల్లో ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. ట్యూబులర్ నిండడానికి పది పన్నెండు గంటలు పడితే లిథియం మూడు నాలుగు గంటల్లో నిండుతుంది, తగిన చార్జర్ ఉంటే. మధ్యలో రెండు గంటలు కరెంటు వచ్చి పోయే చోట ఈ తేడా రాత్రంతా ఫ్యాను తిరగడానికీ ఆగిపోవడానికీ మధ్య తేడా.

రోజులు గడిచే కొద్దీ

ఇక అసలు చిక్కు. రెండో రోజు బ్యాటరీని ఎవరు నింపాలి?

మొదటి జవాబు సోలార్. ఇక్కడ చాలామంది మోసపోతున్నారని చెప్పాలి. ఎవరో మోసం చేశారని కాదు, అడగాల్సింది అడగకపోవడం వల్ల. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుండటంతో మేడల మీద ప్యానెళ్లు పెరిగాయి. వాటిలో ఎక్కువ భాగం గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు కలిపినవి, బ్యాటరీ లేనివి. వీధిలో కరెంటు పోగానే ఆ సోలార్ కూడా ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ ఉన్నా సరే. అది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. మీ ప్యానెళ్ల కరెంటు తెగిపడిన లైనులోకి వెళ్తే, కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. కరెంటు పోయినప్పుడు కూడా సోలార్ పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్ పోయినప్పుడు ఇంటిని దాన్నుంచి విడదీసి నడిపేది), బ్యాటరీ కావాలి. కొటేషన్ తీసుకునేటప్పుడు "గ్రిడ్ పోతే నా ఇంట్లో ఏవేవి నడుస్తాయి" అని అడిగి రాయించుకోండి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు చిన్న మార్గం ఒకటి ఉంది, నా దృష్టిలో కోస్తా ఇళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది అదే. ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకి, ప్యానెల్ కరెంటును దానికి తగ్గట్టు సర్ది పంపే సోలార్ చార్జ్ కంట్రోలర్ పెట్టి, దానికి 335 వాట్ల ప్యానెల్ ఒకటి కలపడం. ప్యానెల్ వోల్టేజీకి సరిపోయే కంట్రోలర్ ఎంచుకోవాలి, అది ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు. మంచి ఎండ రోజున ఆ ప్యానెల్ సుమారు 1200 వాట్-అవర్లు ఇస్తుంది. పైన మనం వాడుకోవచ్చనుకున్న బ్యాటరీ సరుకు సరిగ్గా అంతే కదా! మబ్బు రోజున నాలుగో వంతు కూడా రాకపోవచ్చు, కాబట్టి తుఫాను దాటే ఆ ఒకటి రెండు రోజులు పొదుపుగా వాడాలి. ఆ తర్వాత ఎండ కాస్తే రోజూ రాత్రికి రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు ఢోకా లేకుండా నడుస్తాయి. అయితే ప్యానెల్‌ను తుఫాను గాలికి ఎగిరిపోకుండా గట్టిగా బిగించాలి, లేదా హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టుకునేలా అమర్చుకోవాలి. ఊడిన ప్యానెల్ పక్కింటివాళ్ల మీద పడితే కత్తితో సమానం.

రెండో జవాబు జనరేటర్. ఒక కేవీఏ (వెయ్యి వీఏ) పెట్రోలు జనరేటర్ గంటకు సుమారు అర లీటరు తాగుతుంది. రోజుకు ఐదు గంటల చొప్పున వారానికి 17, 18 లీటర్లు. అంత పెట్రోలు ఇంట్లో నిల్వ చేయడం ప్రమాదం. బంకుల దగ్గర ఎలా ఉంటుందో హుద్‌హుద్ చూపించింది. ఇంకో సంగతి, లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు తీసుకునేది 200 వాట్ల చిల్లరే. దాని కోసమే గంటల తరబడి జనరేటర్ నడిపితే పెట్రోలు దండగ. నడిపే ఆ రెండు మూడు గంటల్లోనే ఫ్రిజ్, మిక్సీ, ఫోన్లు అన్నీ కానివ్వాలి. నీళ్ల మోటారు కూడా దాని మీదే నడవాలంటే ఒక కేవీఏ సరిపోదు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేది వెయ్యి వాట్ల దగ్గరే అయినా స్టార్టయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, అందుకే రెండున్నర మూడు కేవీఏ చూసుకోవాలి. పెట్టే చోటు ఆరుబయట, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరం. బాల్కనీ, మెట్ల కింద, సెల్లారు, ఇవేవీ ఆరుబయట కిందికి రావు. కుంపటి గురించి చెప్పిందంతా దీనికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

జనరేటర్ వైరుకు రెండు వైపులా ప్లగ్గులు పెట్టి గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించే పద్ధతి అక్కడక్కడా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి 11,000 వోల్టులుగా మారుతుంది. మీ వీధికి కరెంటు తేవడానికి వానలో తడుస్తూ లైను లాగుతున్న మనిషికే అది తగులుతుంది. ఇంటిని వీధి లైనుకో జనరేటర్‌కో ఒక్కసారికి ఒకదానికే కలిపే చేంజోవర్ స్విచ్ పెట్టించుకుంటే ఈ ప్రమాదం ఉండదు, దాని ఖర్చు జనరేటర్ ధరలో చిన్న భాగం.

ఫ్రిజ్, నీళ్లు, మందులు

ఫ్రిజ్‌ను బ్యాటరీ మీద నడపాలని ఆరాటపడక్కర్లేదు. తలుపు తీయకపోతే లోపలి చల్లదనం 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటల దాకా నిలుస్తుంది. హెచ్చరిక వచ్చిన రోజే సీసాల్లో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టుకుంటే ఇంకాస్త మేలు. ముందుగా పాడయ్యేవి ముందు వండేయాలి: దోసె పిండి, చేపలు, చికెన్, పాలు. పాలు తోడు పెట్టేస్తే మర్నాటికి పెరుగు. ఆ తర్వాత అటుకులు, కందిపొడి, ఆవకాయ, ఉల్లిపాయలు, బెల్లం. వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు, గ్యాస్ కూడా పెద్దగా అక్కర్లేదు.

అపార్ట్‌మెంట్లలో కరెంటు కన్నా ముందు ఏడిపించేది నీళ్లే. బోరు మోటారు మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడవదు. కాంప్లెక్స్ జనరేటర్ ఉన్నా అది లిఫ్టుకు, మెట్ల లైట్లకు ఇస్తున్నారా, బోరుకు ఇస్తున్నారా అనేది అసోసియేషన్ మీటింగ్‌లో ముందే తేల్చుకోవాలి. నన్నడిగితే బోరుకే ఇవ్వాలంటాను. నడవలేని పెద్దవాళ్లు పై అంతస్తులో ఉంటే వాళ్ల కోసం లిఫ్టుకు రోజూ ఓ గంట. తాగే నీళ్లకు ఆర్వో ఆగిపోతే కాచుకోవడమే. లీటరు నీళ్లు మరిగించడానికి సుమారు 10 గ్రాముల గ్యాస్ చాలు, కాబట్టి రోజుకు పది లీటర్లు కాచినా వందే గ్రాములు. గ్యాస్ అయిపోతుందని నీళ్లు కాచకుండా మానేయొద్దు.

ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) మీద ఉన్న మనిషి ఉంటే పైన చెప్పిన ఏ లెక్కా చాలదు. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే యంత్రం సుమారు 350 వాట్లు నిరంతరం లాగుతుంది, రోజుకు 8 యూనిట్లకు పైనే. బ్యాటరీ మూడు నాలుగు గంటలే కాపాడుతుంది. ఆక్సిజన్ సిలిండర్ ఇంట్లో ఉండాలి, తుఫాను హెచ్చరిక రాగానే జనరేటర్ ఉన్న ఆసుపత్రికో బంధువుల ఇంటికో మార్చాలి. ఇన్సులిన్ విషయంలో అంత కంగారు లేదు. వాడుతున్న సీసా చల్లటి గదిలో సాధారణంగా నాలుగు వారాలు ఉంటుంది, ఎండాకాలమైతే తడి ఇసుక పోసిన కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి అందులో ఉంచొచ్చు. ఐసు మీద నేరుగా పెట్టకూడదు, గడ్డకడితే పనికిరాదు.

కరెంటు వచ్చే వరస

పెద్ద తుఫాను తర్వాత ముందు పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు నిలబెడతారు. ఆపైన ఆసుపత్రులు, మంచినీటి పంపులు, ఆ తర్వాత సబ్‌స్టేషన్ నుంచి వీధుల వైపు వచ్చే 11 కేవీ (11,000 వోల్టుల) ఫీడర్లు, వీధి లైన్లు. అన్నిటికన్నా చివర మీ స్తంభం నుంచి మీ మీటరుకు వచ్చే సర్వీసు వైరు. పక్క వీధిలో లైట్లు వెలిగి మన వీధిలో వెలగకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు స్తంభం నంబరు చూసుకుని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫిర్యాదు ఇవ్వాలి. వైరు తెగి పడి ఉంటే అది నిద్రపోతోందనుకుని దాటొద్దు, దగ్గరికెవరినీ రానివ్వొద్దు. విశాఖలో హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్లు వేయడం మొదలుపెట్టింది ఈ స్తంభాల బెడద తగ్గించడానికే.

కరెంటు వచ్చే క్షణంలో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే పోయినప్పుడే ఫ్రిజ్, ఏసీ, టీవీ ప్లగ్గులు తీసేసి, ఒక్క బల్బు స్విచ్ మాత్రం వేసి ఉంచుకోవాలి. బల్బు పది నిమిషాలు నిలకడగా వెలిగాక ఒక్కొక్కటీ పెట్టుకోవచ్చు. స్విచ్ బోర్డుల దాకా నీళ్లు వచ్చి వెళ్లిన ఇంట్లో మాత్రం అలా కుదరదు. గోడలు పైకి ఆరినట్టు కనిపించినా లోపలి వైరు పైపుల్లో నీళ్లు ఉంటాయి. మెయిన్ దించేసి, ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్, ఎర్తింగ్ చూపించిన తర్వాతే పైకెత్తాలి. ఇన్వర్టర్ లైను వేరేగా ఉంటుంది కాబట్టి దాన్ని కూడా అప్పటిదాకా ఆపేసి ఉంచాలి. మెయిన్ దించినా ఆ లైనులో కరెంటు ఉంటుంది.